అడిగి తాకిన చేతులు

నర్సు నాగరత్నమ్మ గారు ఇక లేరు. పాలక్కోడు నుంచి ధర్మపురి పోయే పొద్దుటి బస్సులో, కిటికీ పక్క సీటులో, టిక్కెట్టు వేళ్ల మధ్య పట్టుకొని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. అందరూ దిగిన తర్వాత కండక్టరు "ఇరంగుమ్మా, ఇరంగు" అని దిగమని తమిళంలో మూడుసార్లు అరిచాడట. నాలుగోసారి భుజం పట్టి కదిపాడట. అడగకుండా ఒక ఆడమనిషి ఒంటి మీద చెయ్యి వేసి, నాగరత్నమ్మ గారి చేత తిట్లు తినకుండా బయటపడిన మగవాడు నాకు తెలిసి ఇతనొక్కడే.

ఆ వార్త వచ్చేసరికి నేను ఆస్పత్రి ఆఫీసు గదిలో ఆమె పింఛను కాగితాలు రాస్తున్నాను. ఇంకా నాలుగు నెలల సర్వీసు మిగిలి ఉంది. కట్లు కట్టే డ్రెస్సరు కన్నయ్య గుమ్మం పట్టుకొని నిలబడి, "అయ్యా, ఆ కాగితం పెట్టేయండి" అన్నాడు. ఎందుకని అడిగాను. చెప్పాడు. నేను కాగితం పెట్టలేదు. పుట్టిన తేదీ పూర్తి చేసి, కలం మూత బిగించి, ఆ తర్వాత ఏమి చెయ్యాలో తెలియక మళ్లీ మూత తీశాను.

ఆమెను ఎరిగినవారిలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం అన్నట్టుగా కొన్ని వందల ఏళ్లుగా బతుకుతున్న జనం మాది. ఈ పత్రిక చదవగలిగినవారేమో ఆమెను చూసి ఉండరు. కాబట్టి నేను ఎంత అతిశయోక్తి రాసినా పట్టుకొనే నాథుడు లేడు. అయినా రాయను. గాయం పొడవు నేను సుమారుగా రాస్తే "నాలుగు అంగుళాలంటే నాలుగే రాయప్పా, నీ కవిత్వం ఇంట్లో పెట్టుకో" అని నా రిజిస్టరు ముందు ఆమె నిలబడిన రోజులు చాలా ఉన్నాయి. గౌరవవాచకాలూ ఆమెకు సహించేవి కావు. ఇకమీదట రత్నక్క అనే అంటాను.

మహేంద్రమంగళం పక్కన చేనూ మడీ ఉన్న రైతు కుటుంబం ఆమెది. పెళ్లైన మూడో ఏడు భర్త విషజ్వరంతో పోతే, తండ్రి ఊరి మాట లెక్కచేయక ఆమెను నర్సు చదువుకు పంపాడు. బస్సెక్కించడానికి వచ్చిన తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడని ఆమె చెప్పేది. ఆ తమ్ముడికి అక్క అంటే ప్రాణం. కొడుకు పుట్టినప్పుడు పురుడు పోయడానికి వేరే మనిషిని రానివ్వలేదు. రత్నక్కే ఆ బిడ్డను బయటికి తీసింది, పేరు కూడా తానే పెట్టింది.

మా పక్క ఒక ఆచారం ఉంది. అశుభం ఏది జరిగినా తలమీద నీళ్లు పోస్తారు. ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగితే ఆమె తల్లో అత్తో ముందు చేసే పని పెరట్లో కూర్చోబెట్టి పసుపు నీళ్లు గుమ్మరించడం, బట్టలు రక్తం పోయేదాకా ఉతకడం. ఏమి చెయ్యాలన్న ఆలోచన ఆ తర్వాతే. ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. ఆ ప్రేమ నిందితులకు చేసినంత సాయం జిల్లాలో ఏ వకీలూ చేసి ఉండడు.

ఆ తప్పు తానూ చేశానని రత్నక్క ఒకే ఒకసారి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిక్కిలిలో పనిచేసేదట. "చిన్న వయసప్పా నాది. ఆమె తల్లి చేతులు వణకతా ఉంటే చెంబు నేనే తీసుకొన్న. సీకాయ వేసి రుద్దినా. బాగా రుద్దినా. 'పోయింది లేమ్మా, అంతా పోయింది' అన్న. ఆమెకు ఏమని వినపడిందో చెప్పు? నువ్వు మురికి అని. ఆ మాట చెప్పినది వేరే ఎవరో కాదు, నర్సు. మూడో దినం బాయిలో తేలింది." ఇది చెప్పి టీ గ్లాసు కడగడానికి లేచింది. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది.

ఆ బావి నుంచే ఆమె పద్ధతి పుట్టింది. అత్యాచారానికి గురైన స్త్రీని ఆమె ఎన్నడూ పోలీసు రికార్డుల మాటతో పిలవలేదు. "దెబ్బ తగిలిన మనిషి" అనేది, చెట్టు మీద నుంచి పడినవాణ్ణి అన్నట్టే. ఏమి జరిగిందని అడిగేది కాదు. తిన్నావా అనేది. నొప్పి ఎక్కడ అనేది. ఎవరిని బయటికి పంపాలి అనేది. చెయ్యి చాచే ముందు ప్రతిసారీ "చెయ్యి పెట్టేదా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా చెయ్యి గాలిలోనే ఉంచేది. నాడి చూడటానికి అడిగేది. దుప్పటి కప్పడానికి కూడా అడిగేది.

ఒక డాక్టరుకు ఇది కాలహరణంగా తోచింది.

"సిస్టర్, బయట లైను ఉంది."

"ఉండనీ సార్. వాళ్లకు కాళ్లుండాయి, నిలబడతారు. ఈమెను అడిగినారా మీరు?"

"నేను డాక్టర్ని!"

"దొంగ అని నేను అనలేదే సార్. అడగమంటా ఉండా."

డాక్టరు అడిగాడు. చీదరించుకుంటూ అడిగాడు గాని, అడిగాడు. ఆ ఏడాది చివరికి పంటి నొప్పితో వచ్చినవాళ్లను కూడా అడగడం మొదలుపెట్టి, రోగులను కంగారు పెట్టాడు.

స్టేషను కాగితం లేనిదే ఆస్పత్రి పరీక్ష చేయదు. ఆస్పత్రి కాగితం లేనిదే స్టేషను నమ్మదు. ఈ రెండు కార్యాలయాలూ ఒకదానికొకటి మర్యాద చేసుకుంటూ ఉండగా గాయాలు మానిపోయేవి. రత్నక్క ఆ మర్యాదలకు ఆగేది కాదు. దెబ్బలకు కట్టు కట్టడానికి ఎవరి కాగితమూ అక్కరలేదు గనుక, ముందు దెబ్బలన్నీ కొలిచి నా రిజిస్టరులో రాయించేది. తొడుక్కున్న బట్టలు సాక్ష్యానికి పోతాయి గనుక ఒక ట్రంకుపెట్టెలో చీరలు పోగుచేసి ఉంచేది. రైతుల ఇళ్లకు పోయి "పాతవి వద్దమ్మా, మీరు పెళ్లికి కట్టుకొని పోయేది ఒకటి ఇయ్యండి" అనేది. తిట్టుకుంటూ ఇచ్చేవారు.

ఇక సరోజ సంగతి. అసలు పేరు అది కాదు. ఆమె కథ రాయవచ్చునా అని నేను అడిగితే, "రాసుకో అన్నా. సరోజ అని రాయి, మా మేక పేరు అది" అంది.

ఈ ఎనభైల మొదట్లో జరిగింది. సరోజకు అప్పుడు ఇరవై రెండేళ్లు. పట్టుపురుగుల షెడ్డులో మల్బరీ ఆకు కోసి వేసే కూలి పని. ఒక మధ్యాహ్నం షెడ్డు యజమాని కొడుకు తలుపు మూసి గడియ పెట్టాడు. పట్టుపురుగులు ఆకు మేసేటప్పుడు వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడులో ఆమె అరుపులు వినపడలేదని తర్వాత చాలామంది చెప్పారు. నేను ఆ షెడ్డు బయట నిలబడి చూశాను. లోపల ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా వినపడుతుంది.

ఆస్పత్రికి తెచ్చినప్పుడు ఆమె కింది దవడ పక్కకు జరిగి ఉంది. మెడ మీద ఐదు వేళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎడమ చూపుడువేలు వెనక్కి విరిచి ఉంది. వెదురు తట్టల మీదికి పడవేసి ఈడ్చినందువల్ల వీపంతా గీతలు, ఒక్కొక్కటి ఎంత పొడవో రిజిస్టరులో ఉంది. జుట్టు మాత్రం తడిగా, పసుపు వాసన వేస్తూ ఉంది.

"బట్టలు ఏడున్నాయమ్మా?" అంది రత్నక్క, సరోజ తల్లి మునెమ్మతో.

"ఉతికి ఆరేసినానమ్మా. రక్తమంతా పోయేదాకా ఉతికినా."

రత్నక్క ఒక క్షణం కళ్లు మూసుకుంది. కోప్పడలేదు. "సరిలేమ్మా. కూర్చో. తిన్నావా నువ్వు?" అంది. తర్వాత కొట్టినవాడు ఎవరని అడిగింది. మునెమ్మ చెప్పకుండా ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అక్కడే రత్నక్కకు అర్థమైందనుకుంటాను.

నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "రాయి. పేరు రాయి. ఇంటిపేరు కూడా రాయి. తప్పు పోదులే, మా ఇంటిపేరే."

నేను తలెత్తాను.

"మా తమ్ముడి కొడుకప్పా. ఏమి చూస్తావు? కలంలో మసి ఆరిపోతా ఉండాది, రాయి."

తర్వాత పదకొండు రోజులు సరోజ అన్నిటికీ వద్దు అంది. గంజి వద్దు. తల్లి వద్దు. ఫ్యాను వద్దు. కట్టు మార్చడం వద్దు. రత్నక్క ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. పరదా పక్కన నేల మీద కూర్చొని, గంటకొకసారి అడిగేది. కట్టు మార్చడానికి చివరికి దూదీ మందూ సరోజ చేతికే ఇచ్చి, ఎలా తుడుచుకోవాలో దూరం నుంచి చెప్పింది. గంజి గ్లాసు అందేంత దూరంలో పెట్టి ముఖం తిప్పుకొనేది. చూడనప్పుడు కొంచెం తగ్గేది. "ఇట్లైతే పుండ్లు చీము పడతాయి కదక్కా, బలవంతంగానైనా..." అని నేను నసిగాను.

"బలవంతం చేసేదానికి మనమెందుకప్పా? దానికి మా వాడు ఉండాడు కదా," అంది. "ఆమె ఆ దినం ఎన్నిసార్లు వద్దనిందో. ఒక్కటీ పనిచేయలేదు. ఈడ చెప్పే ప్రతి వద్దూ పనిచేయల్ల. అప్పుడు గాని సరి అనేదానికి నోరు రాదు."

నేను బి.ఏ. దాకా చదివిన చదువులో ఇంత పొట్టిగా ఇంత పెద్ద విషయం ఎవరూ చెప్పలేదు.

పన్నెండో రోజు పెద్దమనుషులు వచ్చారు. ముందు ఊరి పెద్దాయన, వెనక రత్నక్క తమ్ముడు, ఆ వెనక పూలూ కుంకుమా పెట్టిన పళ్లెం. ఊళ్లో పంచాయితీ ముగించుకొనే వచ్చారు. చేసినవాడే తాళి కట్టాలని తీర్పు. తమ ఔదార్యానికి తామే కొంచెం కరిగిపోయి ఉన్నారు.

"మనవాడు తాళి కడతాడు రత్నమ్మా. ఇంకేం కావల్ల? పాప బతుకు నిలబడతాది," అన్నాడు పెద్దాయన.

"ఎవని పక్కన నిలబడతాది మామా?"

"నీకు ఎప్పుడూ ఎగతాళే."

"ఎగతాళి కాదు. ఆమె మంచంలో ఉండాది. పోయి అడగండి."

"ఆడమనిషిని అడిగేదేముంది? వాళ్లమ్మ సరి అనేసింది."

"అట్లైతే వాళ్లమ్మకే కట్టమనండి తాళి."

తమ్ముడు ముందుకు వచ్చాడు. "అక్కా, నీ చేతులతో కదా వాణ్ణి బయటికి తీసినావు."

"తీసినా. వెనక్కి తోసే దారి ఉంటే ఈ పొద్దే చూస్తా."

అప్పుడు పరదా కదిలింది. దవడకు కట్టుతో సరోజ మంచం మీద నుంచి తానే పరదా లాగింది. పళ్ల సందుల్లోంచి ఒక్క మాట అంది. వద్దు.

"ఏమంటాది?" అన్నాడు పెద్దాయన.

"చెవుడా మామా? వద్దంటా ఉండాది."

తమ్ముడు గ్లూకోజు సీసా వేలాడదీసే ఇనుప స్టాండు ఎత్తాడు. అక్క మీదికి కాదు, మంచం మీదికి. రత్నక్క మధ్యలోకి వచ్చి ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. అతను ఆగలేదు. రెండోసారి అదే చెయ్యి మీద కొట్టాడు. మూడోసారి ఎత్తేటప్పటికి కన్నయ్య వచ్చిపడ్డాడు. అతని చేతిలో ఉన్న ఆయుధం బెడ్‌పాన్ ఒక్కటే. దాన్ని సద్వినియోగం చేశాడు. సీసా పగిలింది, పళ్లెం బోర్లాపడింది, పూల మీద రక్తమూ గ్లూకోజూ కలిసి పారాయి. పెద్దాయన తనలో తాను చర్చించుకోవడానికన్నట్టు వరండాలోకి తప్పుకున్నాడు. నేను రిజిస్టరు గుండెకు హత్తుకొని తలుపు వెనక ఉన్నాను. ధైర్యం గురించి రాయడానికి నాకున్న అర్హత ఆ మేరకే.

తమ్ముడు చేసిన పని తానే చూసుకొని నీరుగారిపోయాడు. స్టాండు కింద పెట్టి నా వైపు తిరిగి, "జారి పడిందని రాయి సామీ" అన్నాడు.

"నాలుగు పదాలు రాయి," అంది రత్నక్క గోడకు ఆనుకొని, ముఖం సున్నంలా పాలిపోయి ఉన్నా. "తమ్ముడు. ఇనుప కమ్మీ. రెండు దెబ్బలు. అంగుళాలు తర్వాత కొలుద్దాం."

పదాలు ఐదు. నేను దిద్దలేదు.

మంచం మీద నుంచి సరోజ దిగింది. పదకొండు రోజుల తర్వాత ఆమె కాళ్లు నేలకు ఆనడం అదే మొదలు. గాజుపెంకులు దాటుకుంటూ వచ్చి, వేలాడుతున్న ఆ చేతి దగ్గర తన చెయ్యి గాలిలో ఆపి, కట్టు కట్టిన నోటితో అడిగింది.

"అక్కా, చెయ్యి పెట్టేదా?"

రత్నక్క ఎముక విరిగినప్పుడు ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

కోర్టులో ఎదుటి వకీలు ఆమెను మూడు రోజులు ప్రశ్నించాడు. నిందితుడు స్వయానా మేనల్లుడు కదా, ఆస్తి తగాదా ఏదైనా ఉందా అన్నాడు. "ఉండాది సామీ. వాడికి నేను పెట్టిన పేరు వెనక్కి అడగతా ఉండా," అంది. సరోజను కొట్టినందుకు మాత్రమే వాడికి శిక్ష పడింది. మిగిలినదానికి సాక్ష్యం చాలలేదు. సాక్ష్యం మునెమ్మ పెరట్లో తీగ మీద ఎండిపోయింది. తీర్పు విన్న రోజు సరోజ కోర్టు మెట్ల మీద వాంతి చేసుకుంది. రత్నక్క పక్కనే కూర్చొని, "గెలిచేదానికి రాలేదమ్మా మనం, చెప్పేదానికి వచ్చినాం. చెప్పినావు," అంది. ఆ మాట సరోజ నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆమె ముఖం మాత్రం నేను చూడలేకపోయాను.

రత్నక్కకు పుట్టింటి తలుపు మూసుకుంది. అడుగుపెడితే నరుకుతామని కబురు వచ్చింది. రెండుసార్లు క్వార్టర్సు కిటికీలు రాళ్లతో పగిలాయి. ఆ క్వార్టర్సులోనే సరోజ రెండేళ్లు ఉంది. మల్బరీ ఆకు వాసనకు ఒళ్లు చెమటలు పట్టి కిందపడిపోయేది. వేరే పని నేర్చుకోమని నలుగురూ అన్నారు, కుట్టుమిషను చూపించారు. "నాకు వచ్చిన పని పురుగుల పనే. అది కూడా వాడికి ఇచ్చెయ్యల్లనా?" అంది. రత్నక్క రోజూ డ్యూటీ నుంచి వస్తూ ఒక్క ఆకు తెచ్చి గుమ్మం బయట పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయేది. వారాల తరబడి ఆకులు అక్కడే ఎండేవి. ఒకనాడు గుమ్మం బయట ఆకు లేదు. లోపల సరోజ దాన్ని గోటితో సన్నగా చీరుతూ కూర్చొని ఉంది. ఇవాళ తుంబలహళ్లి డ్యాము కింద ఆమెకు సొంత షెడ్డు ఉంది. దానికి తలుపులు రెండు, గడియలు రెండూ లోపలి వైపే.

అక్క పోయిన పన్నెండో రోజు పిక్కిలి పక్క నుంచి ఒక స్త్రీని తెచ్చారు. ముఖం నేను వర్ణించను, రిజిస్టరులో రాశాను, చాలు. కొత్త నర్సు పరదా దగ్గరకు పోయి వెనక్కి వచ్చింది. "సార్, గోడ వైపు తిరిగి ఉంది. ఎవరు పోయినా గోళ్లతో తన ముఖమే చీరుకుంటా ఉంది" అంది. నాకు తోచింది ఒక్కటే. తుంబలహళ్లి బస్సెక్కాను.

సరోజ షెడ్డు ముందు ఆకు తరుగుతోంది. నేను చెప్పినదంతా తల ఎత్తకుండా వింది. కత్తి ఆగలేదు గాని, ముక్కలు పెద్దవి కాసాగాయి.

"నేను రాలేనన్నా."

"సరేమ్మా."

"అంతేనా? బలవంతం చేయవా?"

"లేదు."

"అక్క పోయినంక నీకు బుద్ధి వచ్చిందే," అని నవ్వింది. నవ్వు సగంలో విరిగింది. "ఆ పరదా... ఆ వాసన... ఒకనాటికి వస్తానేమో. ఈ దినం కాదు. కోపమా?"

"లేదమ్మా."

"అయితే పో. ఆమెను ఒంటిగా విడిచిపెట్టి వచ్చినావు. బస్సు పోతాది, పో."

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. ఒక స్త్రీ మాట చెల్లడానికి రత్నక్క తన చెయ్యి ఇచ్చింది, తమ్ముణ్ణి ఇచ్చింది, పుట్టిల్లు ఇచ్చింది. ఆ మాట ఇప్పుడు చెల్లుతోంది. సరోజ రాలేనన్న మాట చెల్లినందువల్లే పిక్కిలి మనిషికి ఎవరూ లేకపోయారు. ఇలాంటి వ్యాసాల్లో లోటు తీరనిది అని రాయడం రివాజు. నేనూ మునుపు ఇద్దరు ముగ్గురి గురించి రాశాను, అర్థం తెలియకుండానే.

పరదా వెనకకు నేను పోకూడదు. బయట నిలబడి, చూసినదంతా కొత్త నర్సుకు చెప్పాను. ఆమె పోయి అడిగింది. జవాబు లేదు. గంట ఆగి అడిగింది. జవాబు లేదు. పొద్దు వాలేవేళ మూడోసారి అడిగితే, లోపలి నుంచి "వద్దు" అని వినిపించింది. ఆ అమ్మాయి కళ్లనీళ్లతో బయటికి వచ్చింది. మాట్లాడింది కదమ్మా అన్నాను.

ఇది రాస్తున్న నాటికి ఆరు రోజులు. వద్దు అంటూనే ఉంది. ముఖం చీరుకోవడం మానింది. గంటకొకసారి మేము అడుగుతున్నాం. కానీ రత్నక్క అడిగినప్పుడు ఆ గొంతులో మరేదో ఉండేది, విన్న మనిషి భుజాలు కొంచెం కిందికి దిగేవి. అది ఏమిటో మేము కనిపెట్టలేకపోతున్నాం. అది ఎలాగో చెప్పకుండా, నేర్పకుండా వెళ్లిపోయావు. నమస్కారం అక్కా. గంట అయింది, అమ్మాయి మళ్లీ అడగడానికి లేస్తోంది.